నాలుగు గురిగింజలు తక్కువ

మా జేజి పోయాక ఆమె వక్కాకు తిత్తిలో పన్నెండు వెండి రూపాయలు దొరికిన రోజు నుంచి నాకు మనశ్శాంతి పోయింది. అంతకుముందు ఉండేదని కాదు. లేదని తెలిసేది కాదు, అంతే.

జేజి అంటే మా నాయన తల్లి, గిడ్డమ్మ. నాకు రెండేళ్ళూ, అక్క సుంకమ్మకు పదేళ్ళూ ఉన్నప్పుడు కలరా వచ్చి అమ్మనూ నాయననూ వారం తేడాతో తీసుకుపోయింది. ఆ తర్వాత మా ఇద్దరినీ పెంచింది ఆమే. తాత ఆదోని మార్కెట్టుకు పత్తి బండి తోలేవాడట. సీజను ముగిశాక చేతికొచ్చిన కూలిలో ఒక్క రూపాయి మాత్రం ఆమె ఖర్చు పెట్టకుండా తీసి పెట్టేదట. పన్నెండు సీజన్లు, పన్నెండు రూపాయలు. తెల్లవాళ్ళ కాలం నాటివి. ఒక వైపు రాణో రాజో, రెండో వైపు పూలతీగ. నల్లగా, మందంగా, అరచేతిలో వేసుకుంటే చెయ్యి కొంచెం కిందికి దిగేటట్టు ఉండేవి.

ఇది ముప్పై ఐదేళ్ళ కిందటి మాట. అప్పుడు నాకు ముప్పై రెండేళ్ళు. హకీం నూరుల్లా సాబు దగ్గర మందులు నూరేవాణ్ణి. నేను దాన్ని శిష్యరికం అని చెప్పుకునేవాణ్ణి. ఆయన మాత్రం ఎవరైనా అడిగితే "మన పిల్లోడే" అని ఊరుకునేవారు. ఎనిమిదేళ్ళలో నాకు బాగా ఒంటబట్టిన విద్య ఒకటే. కరక్కాయ దంచితే భుజంలో ఏ చోట నొప్పి పుడుతుందో కళ్ళు మూసుకుని చూపించగలను.

నా చదువు ఐదో తరగతి దగ్గర ఆగింది. ఆ పైదంతా పొట్లాల కాగితాల మీద చదువుకున్నదే. మందులు కట్టడానికి పాత పేపర్లు కొనేవాళ్ళం. చూర్ణం పోసే ముందు నేను వాటిని చదివేసేవాణ్ణి. అందువల్ల ప్రపంచంలో నాకు తెలియని సంగతి లేదు. కాకపోతే ఏ సంగతికీ చివర తెలీదు. పొట్లానికి సరిపోయేటట్టు చింపేస్తాం గనక.

అట్లాంటి ఒక కాగితం మీదే చదివాను. ఎవరో ఒకాయన తాతల నాటి పెట్టెలో దొరికిన తెల్లవాళ్ళ రూపాయిని అమ్మి ఇల్లు కట్టుకున్నాడట. అన్ని రూపాయలకూ ఆ ధర రాదట. ఫలానా ఏడాదిది అయితేనే వస్తుందట. ఆ ఫలానా ఏడాది ఏదో రాసిన చోట కాగితం చిరిగింది. ఆ మిగతా ముక్కలో త్రిఫల చూర్ణం పెట్టుకుని ఎవరో అప్పటికే ఇంటికి పోయారు.

ఇక నిలవలేకపోయాను. బస్టాండులో పాత నాణేల ధరల పుస్తకమొకటి కొన్నాను. పల్చటిది. అచ్చు మసకగా ఉంది, కానీ చివరి దాకా ఉంది. నా జీవితంలో చివరి దాకా చదివిన మొదటి సంగతి అదే.

నాణేనికి విలువ ఎట్లా కడతారో దాంట్లో నేర్చుకున్నాను. ఏ ఏటిదో చూడాలి. రాణి పేరు కింద ఉత్త రాణి అని ఉందా, చక్రవర్తిని అని ఉందా చూడాలి. తల వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయా, చెంప అరిగిందా చూడాలి. వెయ్యిన్ని తొమ్మిదివందల పదకొండులో కొట్టిన రూపాయి మీద రాజుగారి అంగీపైన చిన్న ఏనుగు ఉంటుంది. అది పందిలా ఉందని జనం గోల చేస్తే సర్కారు చాలావాటిని వెనక్కి తీసుకుని కరిగించిందట. అందుకని మిగిలినవాటికి గిరాకీ. అన్నిటికన్నా ముఖ్యం, పాత నాణేన్ని తోమకూడదు. తోమితే ధర సగానికి పైగా పడిపోతుంది.

మా జేజి రూపాయల్లో పదకొండో ఏటిది ఒకటి ఉంది. హకీం సాబు జీలకర్రలో పురుగులు చూసే భూతద్దం తీసుకుని దాని మీద కూర్చున్నాను. మొదటి రోజు అది ఏనుగు. రెండో రోజు పంది. మూడో రోజుకు మా వీధి చివర కట్టేసిన గొర్రెలాగా కనబడటం మొదలుపెట్టింది. ఏదైనా సరే ధర ఒకటేనని పుస్తకంలో ఉంది కనుక ఊరుకున్నాను.

పన్నెండింటినీ రెండుగా విడదీశాను. ఆరు మంచివి. పదకొండో ఏటిది, ఉత్త రాణివి మూడు, ఇంకో రెండు గీతలు చెడనివి. మిగతా ఆరు మామూలువి. ఆ ఆరింటిలో ఒకటి బోడి రూపాయి. దానికి ముఖం లేదు, అక్షరం లేదు, ఏడాది లేదు. రెండు వైపులా నున్నగా, నానబెట్టి తొక్క తీసిన బాదంపప్పులాగా ఉంది. పుస్తకంలో అట్లాంటివాటికి ఇచ్చిన వాక్యం ఒక్కటే. కరిగించుకోవచ్చు.

నా ఆశ ఏమిటో కూడా చెప్పేస్తాను. సొంత కొట్టు. గాంధీ చౌక్ పక్కన మూడడుగుల సందు ఒకటి బాడుగకు చూశాను. బోర్డు రాసే నరసన్నతో బేరం కూడా ఆడాను. 'హకీం ఓబులేసు' అని పచ్చ రంగులో, 'హకీం' కొంచెం పెద్దగా. అడ్వాన్సుకు మంచివి ఆరూ సరిపోతాయి. అన్నీ కలిపి చెరిసగం పంచితే సరిపోవు. అదీ నా ఇబ్బంది.

ఒక సాయంత్రం ఉస్తాద్ కాళ్ళ దగ్గర కూర్చుని అడిగాను. హకీం సాబును నేను ఉస్తాద్ అనే పిలిచేవాణ్ణి.

"ఉస్తాద్, ఒక వస్తువు విలువ ఎంతో ఎట్లా తెలుస్తుంది?"

ఆయన కల్వంలో ఏదో మెత్తగా నూరుతున్నారు. చెయ్యి ఆపలేదు.

"నువ్వు అమ్మేవాడివా, కొనేవాడివా?"

"రెండూ కాదు. పంచుకునేవాణ్ణి."

"అయితే నాకు తెలీదప్పా," అన్నారు.

ఆయనకు తెలియనిది నాకు తెలిసినందుకు ఆ రాత్రి కొంచెం గర్వపడ్డాను కూడా.

మా వైపు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ ఏదైనా పంచుకునేటప్పుడు ఒక పద్ధతి ఉంది. ఒకరు వాటాలుగా విడదీసి పాలు పెట్టాలి, ఇంకొకరు ముందు ఎత్తుకోవాలి. పెట్టినవాళ్ళకు మిగిలింది. మూడో మనిషి ఒకరు చూస్తూ ఉండాలి. మామూలుగా పాలు పెట్టేది పెద్దవాళ్ళు. కానీ అక్క కబురు పంపింది. "నాకు వాటి సంగతేం తెలుసు, నువ్వే పెట్టు, నేను ఎత్తుకుంటా. మధ్యలో సాబు ఉంటారు" అని.

అంటే ముందు ఎత్తుకునేది ఆమె. నాకు కావలసిన ఆరు ఆమె వదిలిపెట్టాలి. ఎవరూ ఎవరినీ మోసం చేయకూడదు, ఆమే తనంతట తాను వదిలిపెట్టాలి. ఇంత ధర్మంగా ఆలోచించేవాణ్ణి ఆ రోజుల్లో.

ఆలోచించి, మామూలు ఆరింటినీ ఉస్తాద్ కొట్టు వెనక పెరట్లోకి తీసుకుపోయి చింతపండూ బూడిదా వేసి తోమాను. చేతులు పుళ్ళు పడేదాకా తోమాను. యాభై అరవై ఏళ్ళ నలుపు వదిలి అవి కొత్త గిన్నెల్లాగా మెరిశాయి. బోడి రూపాయి అయితే అద్దమే. దాంట్లో నా ముక్కు కనబడింది.

నమాజుకు కాళ్ళు కడుక్కోవడానికి వచ్చిన ఉస్తాద్ నా వెనక నిలబడ్డారు.

"ఏం చేస్తాండావప్పా?"

"జేజి రూపాయలు కడుగుతాన్నా ఉస్తాద్."

"పన్నెండని చెప్పినావే."

"పన్నెండే."

"ఇవి ఆరు."

"తక్కినవి... తక్కినవి శుభ్రంగానే ఉన్నాయి."

గట్టు మీద బొగ్గుల్లా ఉన్న ఆ తక్కినవాటిని ఆయన చూశారు. నా చేతుల వైపు చూశారు. చెంబుడు నీళ్ళు నా చేతుల మీద పోసి లోపలికి పోయారు. ఏమీ అనకపోవడంలో ఆయనంత గట్టివాణ్ణి నేను మళ్ళీ చూడలేదు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజు అయ్యాక అక్క వచ్చింది.

అక్క మార్కెట్ యార్డు గేటు దగ్గర జొన్నరొట్టెలు చేసి అమ్మేది. పొయ్యి పొగకు నలభై ఏళ్ళకే ఆమె కళ్ళు మసకబారాయి. ఉస్తాద్ ఎన్నిసార్లు మందు ఇచ్చినా, వేసుకునే తీరికే ఉండేది కాదు. వస్తూ వస్తూ గుడ్డలో చుట్టి నాలుగు రొట్టెలూ, చెనిక్కాయల పొడీ తెచ్చింది. కొట్లో ఎప్పుడూ ఉండే శొంఠి, వాము, గులాబీ రేకుల వాసన మీద వేడి జొన్నరొట్టె వాసన పరుచుకుంది. ఇప్పుడు తలుచుకుంటే ఆ రెండు వాసనలూ కలిసిన చోటే నా వయసు ఆగిపోయి ఉంటే బాగుండుననిపిస్తుంది.

"ఇట్ల చిక్కినావేంరా?" అంది నా చెంప తడిమి.

"పని ఎక్కువక్కా."

"నిజమేనా సాబూ? వీడు పని చేస్తాడా?"

"చేతులు చేస్తాయమ్మా," అన్నారు ఉస్తాద్. "తక్కినది నేను అడగను."

తెల్లగుడ్డ పరిచి రెండు పాలూ పెట్టాను. ఒక వైపు ధగధగలాడే ఆరు. ఇంకో వైపు నల్లటి ఆరు.

"ఎత్తుకో అక్కా."

అక్క గుడ్డ మీదికి వంగింది. చూడలేదు. చెయ్యి చాచి వేళ్ళతో తడిమింది. మొదట నల్లవాటి మీదికే పోయింది చెయ్యి. ఒక్కొక్కటే పట్టుకుని బొటనవేలితో రుద్ది కింద పెడుతోంది. రాణి, రాణి, రాణి, ఏనుగు. నా ఊపిరి ఏనుగు దగ్గర ఆగింది. దాన్ని కూడా కింద పెట్టింది. తర్వాత రెండో పాలు తడిమింది. మూడో రూపాయి దగ్గర వేళ్ళు ఆగాయి.

"ఇదో, ఈడ ఉంది," అంది తనలో తాను అనుకున్నట్టు. మెరిసే ఆరింటినీ తన వైపుకు లాక్కుంది. "నాకు ఇవి చాలు."

నా లోపల పచ్చ రంగు బోర్డు లేచి నిలబడింది.

ఉస్తాద్ అడిగారు. "మెరుస్తున్నాయని తీసుకున్నావా అమ్మా?"

"మెరిసేది నాకు యాడ కనపడుతుంది సాబూ? ఇది దీంట్లో ఉందని." బోడి రూపాయిని తీసి చూపించింది. ముక్కు దగ్గర పెట్టుకుని, మొహం కొంచెం ముడుచుకుంది. "తోమి పెట్టినాడు చూడు. వక్కాకు వాసన కూడా లేకుండా చేసినాడు."

"దాంట్లో ఏముందక్కా?" అన్నాను. "ముఖం కూడా లేదు."

"నీకు తెల్దా?"

"తెలీదు."

"తిత్తిలో ఉండేటివి పదకొండేరా. ఇది జేజి బొడ్లో, చీర మడతలో దోపుకుని ఉండేది. ఆమెకు కడుపు నొప్పి మొదలైనాకనే తిత్తిలో ఏసింది. నువ్వు పడితే ఇది. నేను పడితే ఇది. ఎండాకాలం చెమటకాయలు లేస్తే ఇది."

చెమటకాయలు అనగానే నాకు వీపు గుర్తొచ్చింది.

మే నెలలో మా సందులో పిల్లలందరం అంగీలు విప్పి అరుగు మీద వరసగా, గోడ వైపు తిరిగి కూర్చునేవాళ్ళం. పదిమందికి తక్కువ ఉండం. జేజి వెనక నుంచి వచ్చేది. కుండలో చెయ్యి ముంచిన చప్పుడు వినబడేది. తర్వాత వీపు మీద చల్లగా, గుండ్రంగా, మెల్లగా ఏదో తిరిగేది. ఒకరి వీపు అయ్యాక మళ్ళీ కుండ చప్పుడు, ఇంకొకరి వీపు. మన వంతు వచ్చేదాకా ఉండే ఆత్రం ఇంతా అంతా కాదు. అయిపోయినవాడు లేచి, మళ్ళీ వరస చివర కూర్చునేవాడు. జేజి కనిపెట్టి చెవి మెలేసేది. మెలేసి, మళ్ళీ రుద్దేది.

ఆ చల్లదనం నాకు బాగా గుర్తు. అది రూపాయి అని మాత్రం తెలీదు. వీపు వెనక జరిగిన పని గదా.

"బొప్పి కట్టిందంటే అది అణిగేదాకా వదిలేది కాదు సాబూ," అక్క చెబుతోంది. "వీడు గుక్క పట్టి ఏడిచేటోడు. రాజుగారు నిన్ను ముద్దు పెట్టుకుంటాండాడు, ఊరుకో అనేది."

"నీకు?" అన్నాను.

"నాకు రాణమ్మ అనేది."

"రాజా, రాణా? ఇంతకీ దాని మీద ఉండేది ఎవరు?"

"ఎవరికి తెలుసు? నేను ఎరిగేటప్పటికే ముఖం లేదు దానికి. మన నాయన చిన్నప్పుడు కూడా ఇదేనంట. నాయన నీకంటే ఎక్కువ పడేటోడంట."

నాయన ముఖం నాకు గుర్తు లేదు. ఫోటో కూడా లేదు. ఆయన కింద పడేవాడని నాకు చెప్పినవాళ్ళు అప్పటిదాకా ఎవరూ లేరు.

అక్క లేచి కొట్లో మూలనున్న కుండలో రూపాయి ముంచింది. వచ్చి నా నెత్తి వెనక్కి వంచి, దాన్ని నుదుటి మీద పెట్టి బొటనవేలితో నొక్కింది.

"ఇట్ల."

ముప్పై రెండేళ్ళవాణ్ణి. కాబోయే హకీంని. గురువు ఎదురుగా నుదుటి మీద రూపాయితో కూర్చున్నాను. నీటి చుక్క ఒకటి ముక్కు పక్కగా జారింది. నేను కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకున్నాక తెలిసింది. అదే.

అక్క చెయ్యి తీసేసింది. నుదుటి మీద చల్లదనం ఇంకా గుండ్రంగానే ఉంది.

"అక్కా."

"ఏంరా."

"ఆ పాలు నాకియ్యి. నువ్వు ఇవి తీసుకో." నల్లవాటిని ఆమె వైపుకు తోశాను.

"ఎందుకు?"

"ఊరికే."

"నువ్వు ఊరికే ఏదీ ఇయ్యవే."

మా వాళ్ళకు నా గురించి కొన్ని సంగతులు చివర దాకా తెలుసు. ఇక దాచి లాభం లేదనిపించింది.

"ఇవి ఎక్కువ చేస్తాయక్కా. పుస్తకంలో ఉంది. ఈ ఏనుగుది ఒక్కటి అమ్మితే చాలు, నీ ఆరింటి కన్నా ఎక్కువ వస్తుంది."

అక్క నల్ల రూపాయి ఒకటి ఎత్తి మళ్ళీ తడిమింది.

"మరి అయ్యి నీకు, ఇయ్యి నాకు ఎట్ల పెట్టినావు?" అంది అక్క. అరవలేదు. రొట్టె ధర అడిగినట్టే అడిగింది.

నేను ఉస్తాద్ వైపు చూశాను. ఆయన రొట్టె ముక్క తుంచుకుని చెనిక్కాయల పొడి అద్దుకోవడంలో చాలా శ్రద్ధగా ఉన్నారు.

"మెరిసేవి తీసుకుంటావని," అన్నాను. "అందుకే తోమినా."

"ఓహో."

"తప్పయింది."

"తప్పేముంది? మెరిసేటివే తీసుకున్నా గదా. నువ్వు అనుకున్నట్టే జరిగింది." కాసేపు గుడ్డ అంచు సర్దింది. "నరసన్న మా ఇంటి ఎదురుగానే ఉంటాడ్రా. నువ్వు బోర్డు బేరం చేసినావని ఆ రోజే చెప్పినాడు. కొట్టు పెట్టుకుంటాండావు, డబ్బు కావాల. వీడు నన్ను అడుగుతాడు, అడిగితే ఆ పదకొండూ ఇచ్చేద్దామనుకుంటా వచ్చినా. ఇదొక్కటి పెట్టుకుందామని."

"ఏం బోర్డు?" అన్నారు ఉస్తాద్.

"హకీం ఓబులేసు అంట సాబూ."

"ఏ హకీం?"

నాకు ఆ క్షణాన తెల్లగుడ్డ నేత చాలా గొప్పగా కనబడింది. పడుగూ పేకా లెక్కపెట్టడం మొదలుపెట్టాను.

లెక్కపెడుతూనే అన్నాను. "కొట్టు వద్దులే అక్కా. పదకొండూ నువ్వే తీసుకో. ఆ బోడిది ఒక్కటి నాకియ్యి."

"ఇయ్యను."

"దానికి ధర లేదు."

"లేకపోతే నీకెందుకు?"

"నేను ఎక్కువ పడినా. నువ్వే చెప్పినావు గదా, గుక్క పట్టి ఏడిచేటోణ్ణని."

"నువ్వు గడప తట్టుకుని పడినావు. నేను మిద్దె మీద నుంచి పడినా."

"నువ్వు ఒకసారి. నేను రోజూ."

"రోజూ పడేటోనికి అంత బొప్పి రాదులేరా. జేజి చివరి మూడేండ్లూ తల దువ్వింది ఎవరు? నువ్వా?"

"నేను మందులు తెచ్చిచ్చినా."

"సాబు ఇచ్చిన మందులు. ఆయన ఇచ్చినాడు, నువ్వు నడిచినావు."

ముప్పై ఏళ్ళూ నలభై ఏళ్ళూ దాటిన మనుషులం, ఎవరు ఎక్కువ సార్లు కింద పడ్డామో పందెం వేసుకుంటున్నాం. మాటలు పెరిగేకొద్దీ ఇద్దరం ముందుకు జరిగాం. రూపాయి ఆమె పిడికిట్లో ఉంది. ఆమె పిడికిలి నా చేతిలో ఉంది. నేను లాగుతున్నానని నాకు తెలియనే లేదు. మధ్యలో నల్లటి ఆరు రూపాయలూ చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఏనుగో పందో, దాని మొహం చూసినవాళ్ళు లేరు.

ఉస్తాద్ చేతులు కడుక్కుని తువ్వాలుకు తుడుచుకున్నారు.

"అది ఒకసారి ఇట్లా ఇయ్యమ్మా."

అక్క నా వైపు అనుమానంగా చూసి ఆయనకిచ్చింది.

ఆయన సన్న త్రాసు కిందికి దింపారు. ఎంత సన్నదంటే, ఎదురుగా గట్టిగా ఊపిరి వదిలితే ముల్లు కదిలేది. ఒక తట్టలో ఇత్తడి తులం రాయి పెట్టారు. రెండో తట్టలో బోడి రూపాయి. తెల్లవాళ్ళ రూపాయి కొత్తగా ఉన్నప్పుడు సరిగ్గా తులం తూగేది. పాత వైద్యులు దాన్నే తూకపు రాయిగా వాడుకునేవాళ్ళు.

ముల్లు ఊగి ఊగి నిలిచింది. రూపాయి ఉన్న తట్ట పైకి లేచి ఉంది.

ఆయన గూట్లోంచి చిన్న డబ్బా తీశారు. గురిగింజలు. ఎర్రటి ఒంటికి నల్లటి టోపీ పెట్టినట్టుండే గింజలు. తులానికి తొంభై ఆరు. ఒక గింజ తీసి రూపాయి పక్కన వేశారు. ఆగారు. తట్ట కొంచెం దిగింది. రెండో గింజ. మళ్ళీ ఆగారు. మూడోది వేశాక అక్క ముందుకు జరిగి కళ్ళు చికిలించింది. నేను ఊపిరి బిగబట్టాను, ముల్లు కోసం కాదు.

నాలుగో గింజకు త్రాసు సరిగ్గా నిలబడింది.

"ఏంది సాబూ అది?" అంది అక్క.

"మీ జేజి బొడ్లో చేరిన రోజు ఇది తులం ఉండేదమ్మా. ఇప్పుడు నాలుగు గింజలు తక్కువ."

"ఆ నాలుగూ యాడికి పోయినాయి?"

ఉస్తాద్ ఆమె వైపు చూశారు. తర్వాత నా నుదుటి వైపు చూశారు. అక్కడ తడి ఇంకా ఆరలేదు. అక్క కూడా అటే చూసింది.

ఆయన తట్టలోంచి రూపాయి తీసి అక్క చేతిలో పెట్టారు. నాకేసి తిరిగి, "చెయ్యి చాపప్పా" అన్నారు.

చాపాను.

తట్టను వంచి, మిగిలిన నాలుగు గింజలూ నా అరచేతిలోకి ఒంపారు.

"రూపాయి అక్కది," అన్నారు. "అరిగింది నీది."